బాబుకు పచ్చ చీమిడి వస్తోంది, యాంటీబయాటిక్ వేయాలా వద్దా?

నక్కలగుట్ట అమ్మ · జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు, బరువు పద్నాలుగు కిలోలు. బుధవారం జలుబు మొదలైంది. గురువారం, శుక్రవారం 101 దాకా జ్వరం వచ్చింది. శుక్రవారం సాయంత్రం పిల్లల డాక్టరుకు చూపించాము. గొంతు, చెవులు చూసి, ఛాతీ విని, పారాసిటమాల్ సిరపు, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు రాసి పంపించారు. యాంటీబయాటిక్ రాయలేదు. "నాలుగు వందలు తీసుకుని ఉప్పునీళ్లు రాసిచ్చాడా" అని మా అత్తగారు అప్పటి నుంచి అంటూనే ఉన్నారు.

నిన్నటి నుంచి జ్వరం లేదు. కానీ ఈరోజు పొద్దున ముక్కు నుంచి పచ్చగా, చిక్కగా చీమిడి వస్తోంది. దగ్గు కూడా ఎక్కువైంది. మందుల షాపులో ఈ మాట చెబితే "పచ్చగా వస్తోందంటే ఇన్‌ఫెక్షనే" అంటూ అడగకుండానే అజిత్రోమైసిన్ సిరపు చేతిలో పెట్టారు. ఇది కాక, దీపావళికి జలుబు చేసినప్పుడు వాడగా మిగిలిన మరో యాంటీబయాటిక్ సగం సీసా ఫ్రిజ్‌లో ఉంది. పాతది వేయమని అత్తగారు, కొత్తది వేయమని మా వారు. డాక్టరు చీటీలో రెండూ లేవు. మంగళవారం పండక్కి హుజూరాబాద్‌లో మా పుట్టింటికి బయలుదేరాలి. ఏం చేయమంటారు?

ఎనుమాముల మిరప · జనవరి 11, రాత్రి 10:02

వేసేయండి అమ్మా, ఇందులో ఇంత ఆలోచన దేనికి? నేను మిర్చి యార్డులో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. కొత్త మిర్చి రాక మొదలైందంటే దగ్గు, తుమ్ములు తప్పవు. అజిత్రోమైసిన్ ఐదు వందలది రోజుకొకటి, మూడు రోజులు. నాలుగో రోజు మళ్లీ కాంటా దగ్గర నిలబడతాను. ఈ సీజన్‌లో ఇప్పటికే మూడు కోర్సులు అయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళితే ఫీజు, పరీక్షలు, పైగా సగం రోజు వ్యాపారం పోతుంది.

కాజీపేట ప్యాసింజర్ · జనవరి 11, రాత్రి 10:09

మూడు కోర్సులు అయినా మీరింకా దగ్గుతున్నారంటే ఆ మందు పని చేసినట్టా, చేయనట్టా అన్నా?

పాత కౌంటరు · జనవరి 11, రాత్రి 10:47

హన్మకొండలో ముప్పై ఒక్క ఏళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు కాబట్టి నిజం చెప్పే తీరిక దొరికింది.

అమ్మా, ఆ షాపులో మీకు జరిగిందే నా షాపులోనూ వందల సార్లు జరిగింది. చంటిపిల్లాడిని ఎత్తుకుని వచ్చిన తల్లికి "ఏమీ అవసరం లేదు, నాలుగు రోజులు చూడండి" అంటే ఆమె నాకు దండం పెట్టి వెళ్లదు, పక్క షాపుకు వెళుతుంది. అక్కడ సీసా దొరుకుతుంది. మూడు రోజుల్లో పిల్లాడికి తగ్గుతుంది. ఆ తగ్గుదల మందు ఖాతాలో, ఆ షాపు ఖాతాలో పడుతుంది. మందు వేసుకుంటే వారానికి, వేసుకోకపోతే ఏడు రోజులకు జలుబు తగ్గుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

సెఫిక్సిమ్ వంటి చాలా యాంటీబయాటిక్స్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌1లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల ప్రత్యేక జాబితాలో ఉన్నాయి. అవి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఎన్ని షాపుల్లో ఆ రిజిస్టరు నిజంగా నిండుతోందో నన్ను అడగకండి, పండగ పూట అబద్ధం చెప్పలేను.

ఫ్రిజ్‌లో ఉన్న సగం సీసా మాత్రం ముట్టుకోకండి. పొడిలో కాచి చల్లార్చిన నీళ్లు కలిపిన క్షణం నుంచి దానికి ఆయువు వారం రోజులే. దీపావళి దాటి రెండు నెలలు దాటింది. అది ఇప్పుడు మందు కాదు, తియ్యటి నీళ్లు.

స్టెతస్కోపు · జనవరి 11, రాత్రి 11:20

నేను పిల్లల డాక్టరును, ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో పని చేస్తున్నాను. బాబును చూడకుండా వైద్యం చెప్పను. చూసిన డాక్టరు ఒకరున్నారు, ఆయన రాసింది సబబుగానే ఉంది. రంగు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే రోజుకు పదిమంది తల్లులు నన్ను అడిగేది ఇదే.

జలుబు వైరస్ ముక్కు లోపలి పొరను దెబ్బ తీస్తుంది. అక్కడికి తెల్ల రక్తకణాలు పరుగెత్తుకు వస్తాయి. వాటిలో ఒక ఎంజైము సహజంగానే ఆకుపచ్చగా ఉంటుంది. కణాలు చచ్చి పోగుపడేకొద్దీ చీమిడి పసుపుకు, తర్వాత పచ్చకు తిరుగుతుంది. మొదటి రెండు రోజులు నీళ్లలా కారి, మూడు నాలుగు రోజులకు చిక్కబడి పచ్చబడి, మళ్లీ పలచబడి పోవడం మామూలు జలుబు నడక. వైరస్ వల్ల వచ్చినా, బ్యాక్టీరియా వల్ల వచ్చినా అదే పచ్చ. పచ్చ రంగు చూసి యాంటీబయాటిక్ వేయడం, పొగ చూసి ఇల్లు తగలబడిందో పొయ్యి వెలిగిందో తేల్చడం లాంటిది.

నేను చూసేది రోజుల లెక్క. జలుబు పది రోజులు దాటినా కాస్తయినా తగ్గుముఖం పట్టకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి ఐదారు రోజులకు మళ్లీ జ్వరంతో తిరగబెడితే, లేదా మొదటి నుంచే 102 దాటిన జ్వరం, చీముతో మూడు నాలుగు రోజులు వదలకపోతే అప్పుడు సైనస్‌లో బ్యాక్టీరియా చేరిందని అనుమానిస్తాం. మీ బాబుకు ఐదో రోజు, జ్వరం పోయింది.

ఒక పని చేయండి. బాబు నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద బట్ట తీసి, ఫోనులో గడియారం పెట్టుకుని, ఒక నిమిషం పూర్తిగా ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్క పెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, పిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు.

నక్కలగుట్ట అమ్మ · జనవరి 11, రాత్రి 11:41

ఇప్పుడే లెక్కపెట్టాను డాక్టరమ్మా. ఒకసారి 27, ఒకసారి 26. ఇది మంచిదేనా? పక్కింటి పాపకు ఇలాగే ఉంటే రక్తపరీక్ష చేయించారు, టైఫాయిడ్ అని వచ్చింది. మేమూ చేయించాలా?

స్టెతస్కోపు · జనవరి 12, ఉదయం 6:50

మంచిదే. రెండు నెలల లోపు శిశువుకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ సంఖ్యకు చేరినా, దాటినా న్యుమోనియాను అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ హద్దులను ఆశా కార్యకర్త కూడా గుర్తుపట్టగలిగేలా పెట్టింది. సంఖ్య ఎంతైనా సరే, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంటపడుతుంటే, మూలుగుతుంటే, ఏమీ తాగలేకపోతే, తాగిందంతా కక్కేస్తుంటే, లేపినా మత్తుగా ఉంటే, ఫిట్స్ వస్తే ఈ చర్చలన్నీ వదిలి ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తపరీక్ష ఇప్పుడు వద్దు. తెల్ల కణాలు పెరగడం, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీను) పెరగడం కొంత దారి చూపుతాయి. పెద్దవాళ్లలో సీఆర్‌పీ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే తీవ్రమైన బ్యాక్టీరియా జబ్బు అయ్యే అవకాశం తక్కువ, వంద దాటితే ఎక్కువ. ఆ మధ్యదంతా మసక వెలుతురు. ఫ్లూలోనూ, అడినో వైరస్‌లోనూ అది బాగా పెరగవచ్చు. ఎక్స్‌రే కూడా ఇది వైరస్, ఇది బ్యాక్టీరియా అని ముద్ర వేసి చెప్పదు. ఆడుకుంటున్న పిల్లవాడికి పరీక్ష చేయిస్తే, చివరికి వైద్యం జరిగేది ఆ కాగితానికే.

పాత కౌంటరు · జనవరి 12, ఉదయం 7:15

టైఫాయిడ్ మాట వచ్చింది కాబట్టి నాదొక మాట. పక్కింటి పాపకు చేసింది వైడాల్ పరీక్షే అయి ఉంటుంది. 1896 నాటి పరీక్ష అది. మన ప్రాంతంలో ఎప్పుడో సోకి పోయినా, టీకా వేసుకున్నా రక్తంలో ఆనవాలు మిగిలి ఉంటుంది. జలుబు జ్వరంతో వెళ్లినా పాజిటివ్ రావచ్చు. ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ తేల్చకూడదు, మందులు మొదలు పెట్టకముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష చేయాలి. మా వీధిలో ఒకాయనకు ఏడాదికి మూడు సార్లు టైఫాయిడ్ వస్తుంది. ఆయన ప్రతిసారీ తుమ్ముతూనే వస్తాడు.

లెక్కల టీచర్ · జనవరి 12, ఉదయం 8:30

అందరూ కలిసి యాంటీబయాటిక్‌ను విలన్‌ను చేస్తున్నారు. నా అనుభవం వేరు, కోపంగానే రాస్తున్నాను.

మా తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. గొంతు నొప్పే కదా అని ఇంట్లో ఉప్పు నీళ్లతో పుక్కిలింపజేశారు, నాలుగు రోజులకు తగ్గింది. మూడు వారాల తర్వాత మోకాళ్లు వాచాయి, ఒక మోకాలు తగ్గితే ఇంకొకటి. కీళ్లవాతమని పసరు కట్టు కట్టించారు. పదిహేనేళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పరీక్ష చేసి గుండె కవాటం దెబ్బతిందని చెప్పారు. అప్పటి నుంచి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది. వాడికిప్పుడు ముప్పై నాలుగు. పండగైనా, పెళ్లైనా ఆ సూది తేదీ చూసుకునే ముహూర్తం పెడతాం. ఆ గొంతు నొప్పికి ఎవరైనా యాంటీబయాటిక్ వేసి ఉంటే? అందుకే "ఏమీ వద్దు, చూద్దాం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

స్టెతస్కోపు · జనవరి 12, మధ్యాహ్నం 1:10

టీచర్ గారూ, మీ కోపం న్యాయమైనది. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్లే వస్తాయి. మీ తమ్ముడికి వచ్చింది ఆ మిగిలిన భాగం. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా, ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో. దాన్ని ఎదిరించడానికి పుట్టిన ప్రతిరక్షకాలు పొరబాటున గుండె కవాటాల మీద, కీళ్ల మీద పడతాయి. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ జాతి మందు మొదలుపెడితే ఆ ప్రమాదం చాలా వరకు తప్పుతుంది. నోటి మాత్రలైతే పది రోజులు, ఐదో రోజుకే నొప్పి పోయినా పది రోజులూ వేయాలి. లేదా ఒకే ఒక్క బెంజథీన్ పెన్సిలిన్ సూది. చవకైన, పాతకాలపు మందే ఇక్కడ రాజు. పెన్సిలిన్ పడని వారికే అజిత్రోమైసిన్ వైపు చూస్తాం.

దాన్ని గుర్తుపట్టడానికి 1981 నుంచి ఒక తేలిక లెక్క వాడుతున్నాం. జ్వరం ఉందా, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర ఉందా, దవడ కింద మెడ ముందు భాగంలో బిళ్లలు వాచి ముట్టుకుంటే నొప్పిగా ఉన్నాయా, దగ్గు లేకుండా ఉందా. నాలుగో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం, కళ్లు ఎర్రబడడం ఉన్నాయంటే అది వైరస్ వైపే మొగ్గుతుంది. ఏమీ లేకుండా ఒక్కసారిగా మింగలేనంత గొంతు నొప్పి, జ్వరం వచ్చిన బడి పిల్లవాడిని మాత్రం ఉప్పు నీళ్లతో ఇంట్లో ఉంచకూడదు. నాలుగు లక్షణాలూ ఉన్నంత మాత్రాన కచ్చితంగా బ్యాక్టీరియా అని కాదు, వీలైతే గొంతు నుంచి దూది పుల్లతో నమూనా తీసి చూస్తాం.

లెక్కల టీచర్ · జనవరి 12, మధ్యాహ్నం 1:32

దగ్గు లేకపోవడం చెడ్డ గుర్తు అని ఈ వయసులో తెలుసుకున్నాను. బడిలో అయితే దగ్గే పిల్లలనే ఇంటికి పంపిస్తాం.

ఎనుమాముల మిరప · జనవరి 12, రాత్రి 8:15

ఇన్ని లెక్కలు సామాన్యుడికి ఎలా తెలుస్తాయి? వైరస్ అయితే ఊరికే పోతుంది, బ్యాక్టీరియా అయితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు ముందు జాగ్రత్తగా వేసుకుంటే పోయేదేముంది?

పరకాల కొత్త తండ్రి · జనవరి 12, రాత్రి 9:26

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా పాపకు ఏడు నెలలు. మూడు రోజుల నుంచి జలుబు. పెద్ద జ్వరం లేదు, 99.5. అందుకే వైరస్సే కదా అని ధైర్యంగా ఉన్నాము. పైన చదివి ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టాను. 66 వచ్చింది. మళ్లీ చూస్తే 64. ఊపిరి తీస్తే పక్కటెముకల కింద గుంట పడుతోంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. ఛాతీలో పిల్లి కూతలు. మా అమ్మ కర్పూరం కలిపిన కొబ్బరి నూనె రాస్తోంది. పొద్దున వెళ్లవచ్చా?

స్టెతస్కోపు · జనవరి 12, రాత్రి 9:28

పొద్దున కాదు, ఇప్పుడే. 108కు ఫోన్ చేయండి. బండి ఆలస్యమైతే దొరికిన వాహనంలో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఆక్సిజన్ పెట్టించండి, అక్కడి నుంచి ఎంజీఎంకు పంపిస్తారు. దారిలో పాపను నిటారుగా ఎత్తుకోండి. నోట్లో ఏమీ పోయకండి. కర్పూరం తుడిచేయండి, చిన్నపిల్లలకు అది విషం, నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఇక్కడ జవాబు రాయకండి, బయలుదేరండి.

కాజీపేట ప్యాసింజర్ · జనవరి 12, రాత్రి 9:31

పరకాల తమ్ముడూ, నేను ఎంజీఎంకు పావు గంట దూరంలో ఉన్నాను. వస్తున్నట్టయితే వేదికలో నాకు విడిగా సందేశం పెట్టు, గేటు దగ్గర ఉంటాను.

వేదిక పర్యవేక్షణ · జనవరి 12, రాత్రి 10:05

పరకాల సభ్యుడి నుంచి కబురు వచ్చే వరకు ఈ చర్చలో హాస్యం వద్దని మనవి.

నర్సంపేట చిన్నది · జనవరి 13, ఉదయం 7:40

మిరప అన్న అడిగిన ప్రశ్నకు, "ముందే వేసుకుంటే పోయేదేముంది" అన్నదానికి, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాన్నకు అరవై ఎనిమిది, మధుమేహం ఉంది. జాతర రోజుల్లో రద్దీ తట్టుకోలేమని డిసెంబరు చివర్లోనే మేడారం వెళ్లి మొక్కు చెల్లించి వచ్చారు. వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ చలి అన్నారు. గంటలో 103. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు, పొడి దగ్గు. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ ఆ సాయంత్రమే అజిత్రోమైసిన్, ఒక సూది ఇచ్చాడు. అంటే మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్ పడింది. నాలుగో రోజుకు జ్వరం తగ్గింది, ఐదో రోజు పొలం గట్టు దాకా నడిచి వచ్చారు. మందు భలే పని చేసిందని మేమూ అనుకున్నాం.

ఏడో రోజు రాత్రి మంచం అదిరేలా చలితో జ్వరం తిరగబెట్టింది. కుడి పక్క ఊపిరి తీస్తే పొడిచినట్టు నొప్పి, తెమడ తుప్పు రంగులో వచ్చింది. తెల్లవారుజామున నన్ను మా అత్త పేరుతో పిలిచారు. అప్పుడు భయం వేసింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ 88, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. ఆరు రోజులు నరంలోకి మందులు ఎక్కించారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, పెరుగన్నం తింటున్నారు. మొదటి రోజు నుంచి యాంటీబయాటిక్ వేసుకున్న మనిషికి బ్యాక్టీరియా న్యుమోనియా ఎలా వచ్చిందన్నది నాకిప్పటికీ అంతుపట్టదు.

స్టెతస్కోపు · జనవరి 13, మధ్యాహ్నం 2:20

ముందుగా, పరకాల పాప ఆక్సిజన్ మీద ఉంది, నిలకడగా ఉందని ప్యాసింజర్ గారు చెప్పారు.

చిన్నమ్మా, మీ నాన్నగారిది పుస్తకంలో రాసినట్టే ఉంది. గంటలో 103కు ఎక్కడం, రోకలితో దంచినట్టు నొప్పులు, అది ఫ్లూ పోకడ. మామూలు జలుబు ఇలా తలుపు తన్నుకుని రాదు. ఫ్లూ వైరస్ ఊపిరి గొట్టాల లోపలి పొరను గీకేస్తుంది, ఆ గాయం మీద గొంతులో అప్పటిదాకా ఊరికే ఉన్న న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు దిగి గూడు కడతాయి. 1918 నాటి మహమ్మారిలోనూ ఎక్కువ మందిని చంపింది ఇలా వెనక వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే అని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

మొదటి రోజు వేసిన అజిత్రోమైసిన్‌కు ఆ రోజు చంపడానికి బ్యాక్టీరియానే లేదు. వైరస్‌ను అది తాకలేదు. ఆ మందుకు లొంగే సూక్ష్మజీవులు మాత్రం గొంతులో చచ్చి, లొంగనివి మిగిలి ఉంటాయి. మన దేశంలో న్యుమోకాకస్‌లో ఈ మందుకు లొంగనివి తక్కువేమీ కావు. ఏడో రోజు దిగింది అలాంటిదే అయి ఉండవచ్చు. మిరప గారూ, "పోయేదేముంది" అన్నదానికి నా జవాబు ఇదే. మీ ఒంటికి మందు అలవాటు పడదు, మీ ఒంట్లోని సూక్ష్మజీవులకు పడుతుంది.

ఆ మొదటి రెండు రోజుల్లో నాన్నగారికి ఉపయోగపడి ఉండగలిగింది ఒసెల్టామివిర్, ఫ్లూ వైరస్ మందు. 48 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం. జలుబు చేసిన అందరికీ అది అక్కర్లేదు. పెద్దవయసు, మధుమేహం, ఉబ్బసం, గర్భం, చంటితనం ఉన్నవారికి ఫ్లూ అనిపిస్తే అదే రోజు డాక్టరును అడగాలి. ఆయనకు ఈసారి నుంచి ఏటా ఫ్లూ టీకా, ఒకసారి న్యుమోకాకస్ టీకా గురించి కూడా మాట్లాడండి.

పరకాల కొత్త తండ్రి · జనవరి 15, సాయంత్రం 5:12

పాప ఇప్పుడే నిద్రపోయింది. ఊపిరి 44. ముక్కు గొట్టం తీసేశారు, తల్లిపాలు పది నిమిషాలు తాగింది.

బ్రాంకియోలైటిస్ అన్నారు, ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచడం, వైరస్ వల్లే వస్తుందట. ఆక్సిజన్ పెట్టారు, ముక్కు శుభ్రం చేస్తూ ఉన్నారు, గొట్టంతో పాలు పట్టారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ఇంత సీరియస్‌గా ఉంటే అది ఎందుకు వేయరని నేను అక్కడి జూనియర్ డాక్టరుతో గొడవ పడ్డాను. ఆమె రాత్రంతా నిద్ర లేకుండా ఉన్నా ఓపికగా చెప్పింది, వైరస్ అంటే చిన్న జబ్బు అని అర్థం కాదు, దీనికి మందు ఆక్సిజనే అని. ఆమెకు క్షమాపణ చెప్పాలి, డ్యూటీ మారిందట. ప్యాసింజర్ అన్న రాత్రి రెండింటికి చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఆయన అసలు పేరు కూడా అడగలేదు.

కాజీపేట ప్యాసింజర్ · జనవరి 15, సాయంత్రం 5:20

పేరు దేనికి, ప్యాసింజర్ అంటే చాలు. ఎప్పుడూ ఆలస్యమే, ఒక్కసారి సమయానికి వచ్చింది.

స్టెతస్కోపు · జనవరి 15, రాత్రి 8:45

చాలా సంతోషం. ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలకు ఇచ్చే న్యుమోకాకస్ టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది. పాపకు తొమ్మిదో నెల డోసు మరిచిపోకండి. ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ తాగితే బయటకు పంపండి, మనిషినైనా సరే.

ఇక మిరప గారూ, మీ లెక్క తేలలేదు. దగ్గు ఎన్నాళ్ల నుంచి?

ఎనుమాముల మిరప · జనవరి 15, రాత్రి 9:30

డిసెంబరు మొదటి వారం నుంచి. మధ్యలో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తెల్లవారుజామున ఎక్కువ. జ్వరం లేదు. మందుల షాపులో ఈసారి అజిత్రో వద్దు, లివోఫ్లాక్సాసిన్ వాడండి, అది ఇంకా గట్టిది అన్నారు. కొన్నాను గానీ వేసుకోలేదు, మీ మాటలు చదివాక చెయ్యి వెనక్కి వస్తోంది.

స్టెతస్కోపు · జనవరి 15, రాత్రి 9:52

దయచేసి అది వేసుకోకండి. లివోఫ్లాక్సాసిన్ క్షయ సూక్ష్మజీవి మీద కూడా కొంత పని చేస్తుంది. అంటే క్షయ ఉంటే నెలా రెండు నెలలు తగ్గినట్టు నటించి, జబ్బును దాచిపెట్టి, ఆ మందుకు మొండిగా మార్చేస్తుంది. వైరస్ దగ్గు మూడు వారాల దాకా సాగడం మామూలే. 2023 మార్చిలో ఫ్లూ విజృంభించినప్పుడు భారత వైద్య సంఘం కూడా ఆ మాటే చెప్పింది, జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాలు ఉండవచ్చు, యాంటీబయాటిక్ వద్దు అని. మీకు ఆరో వారం నడుస్తోంది. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఎనుమాముల మిరప · జనవరి 15, రాత్రి 10:10

టీబీ పరీక్షకు లైనులో నిలబడితే యార్డులో రేపటికల్లా తెలిసిపోతుంది డాక్టరమ్మా. ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంది.

లెక్కల టీచర్ · జనవరి 15, రాత్రి 10:26

ఆ ఆడపిల్లే మీ పక్కన కూర్చుని అన్నం తింటుంది కదండీ.

నక్కలగుట్ట అమ్మ · జనవరి 17, ఉదయం 10:15

హుజూరాబాద్ నుంచి తిరిగి వచ్చాము. అజిత్రోమైసిన్ సీసా మూత తీయలేదు. గురువారానికి చీమిడి పలచబడింది, ఈరోజు ముక్కు పొడిగా ఉంది. రాత్రి పూట దగ్గు ఇంకా ఉంది. మా అమ్మ పడుకునే ముందు చెంచాడు తేనె నాకిస్తోంది, పని చేస్తున్నట్టే ఉంది. దగ్గు సిరపు కొనాలా?

ఇంకొకటి. ఇంట్లో రెండు పారాసిటమాల్ సీసాలు ఉన్నాయి, ఒకదాని మీద ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, ఇంకొకదాని మీద 250 అని ఉంది. రెండూ ఐదేసి మిల్లీలీటర్లే వేస్తూ వచ్చాను.

స్టెతస్కోపు · జనవరి 17, మధ్యాహ్నం 3:00

తేనె మంచిదే, ఏడాది దాటిన పిల్లలకు మాత్రమే. ఏడాది లోపు ఒక్క చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. దగ్గు సిరపు వద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా వాడవద్దని, రెండేళ్ల లోపు అసలే వద్దని 2025 అక్టోబరులో కేంద్రం కూడా రాష్ట్రాలకు రాసింది. మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరపు తాగి పసివాళ్లు చనిపోయాక వచ్చిన ఉత్తరం అది.

పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకొకసారి, జ్వరం ఉంటేనే. మీ బాబు పద్నాలుగు కిలోలు కాబట్టి 210 మిల్లీగ్రాములు. 120 సీసాలో అది ఎనిమిదీ ముప్పావు మిల్లీలీటర్లు, 250 సీసాలో నాలుగు చిల్లర. అంటే మీరు ఒక సీసాతో తక్కువ, ఇంకో సీసాతో కాస్త ఎక్కువ వేశారు. ప్రమాదమేమీ జరగలేదు, కానీ ఒక సీసా తీసి పారేయండి. "జ్వరం తగ్గడం లేదు, యాంటీబయాటిక్ రాయండి" అని వచ్చేవారిలో సగం మంది దగ్గర నేను ముందు అడిగేది మీ సీసా మీద ఎంత రాసి ఉందని.

ఎనుమాముల మిరప · జనవరి 24, రాత్రి 9:05

వెళ్లాను. రెండు తెమడ నమూనాలు ఇచ్చాను, ఎక్స్‌రే తీశారు. క్షయ లేదు. లైనులో నా ముందు నిలబడింది మా యార్డులోని ఇంకో అడ్తి వ్యాపారే. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

తర్వాత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించారు. మందు పీల్పించి మళ్లీ ఊదించారు. ఉబ్బసమట. మిర్చి ఘాటుకు, దుమ్ముకు ఊపిరి గొట్టాలు బిగుసుకుంటున్నాయట. అంటే మీరందరూ పదమూడు రోజులుగా వాదించుకున్న వైరసూ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు! మూడు కోర్సులు నేను దేన్ని చంపడానికి వేసుకున్నానో ఆ మందుకే తెలియాలి. పీల్చే మందు ఇచ్చారు. అది పీలిస్తే అలవాటైపోతుందని ఇంట్లో గొడవ.

స్టెతస్కోపు · జనవరి 24, రాత్రి 9:40

అలవాటు కాదు. మాత్రతో పోలిస్తే చాలా తక్కువ మందు, నేరుగా కావలసిన చోటికే వెళుతుంది. పీల్చాక నోరు పుక్కిలించండి. కాంటా దగ్గర ముక్కుకు తువ్వాలు చాలదు, దుమ్ము ఆపే మాస్కు కొనండి.

పాత కౌంటరు · జనవరి 24, రాత్రి 10:15

నక్కలగుట్ట అమ్మా, ఆ ఫ్రిజ్ సీసా సంగతి ఏం చేశారు? సింకులో పారబోయకండి, ఆ నీళ్లు చివరికి చెరువుకే చేరతాయి. వాడేసిన టీ పొడిలో కలిపి, కవరులో కట్టి చెత్తలో వేయండి. ఔరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో లోకానికి తెలిసిన రోజుల్లో, దాన్ని కనిపెట్టిన కంపెనీ పరిశోధన విభాగానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తెలుగువాడి చెయ్యి తగిలిన మందుల జాతి, మన మోరీల్లో పోకూడదు.

నక్కలగుట్ట అమ్మ · జనవరి 25, ఉదయం 7:55

మీరు చెప్పినట్టే టీ పొడిలో కలిపి నిన్న రాత్రే పారేశాను. మూత తీయని సీసాను షాపులో వెనక్కి తీసుకోలేదు.

మా అత్తగారికి మూడు రోజులుగా జలుబు. ఈరోజు పొద్దున పచ్చగా వస్తోందన్నారు. నేను చాయ్ పెడుతుంటే వెనక ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైంది. చాలాసేపు వెతికారు.